ఫైళ్ళు పోకుండా సీ డ్రైవ్‌ను విడగొట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త లాప్‌టాప్ కొని ‘దిస్ పీసీ’ తెరిస్తే సీ డ్రైవ్ ఒక్కటే కనిపిస్తుంది. మొదట్లో ఎవరూ పట్టించుకోరు. ఆరు నెలలు గడిచేసరికి ఫొటోలు, ఆఫీసు ఫైళ్ళు, పిల్లల ప్రాజెక్టులు అన్నీ అందులోనే చేరిపోతాయి. అప్పుడు డీ డ్రైవ్ ఉంటే బాగుండేదనిపిస్తుంది. ఎవరినైనా అడిగితే ‘ఫార్మాట్ కొట్టాలి’, అంటే ఉన్నదంతా తుడిచేయాలి అంటారు. అక్కర్లేదు. విండోస్ 10, 11 వాడేవాళ్ళు ఈ విషయంలో తరచుగా అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ రాశాను. మెనూ పేర్లు తెరమీద ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి అవే మాటలను తెలుగు లిపిలో ఇచ్చాను.

ఫార్మాట్ చేయకుండా నిజంగా పార్టీషన్ చేయొచ్చా, అంటే డ్రైవ్‌ను విడగొట్టొచ్చా?

చేయొచ్చు. 2007లో వచ్చిన విస్టా నుంచి ఈ సదుపాయం విండోస్‌లోనే ఉంది. అంతకుముందు ఎక్స్‌పీ రోజుల్లో దీనికి వేరే సాఫ్ట్‌వేర్ కొనాల్సి వచ్చేది. లేదంటే మొత్తం తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసేవాళ్ళు. ‘ఫార్మాట్ కొట్టాలి’ అనే మాట ఆ రోజుల నుంచి అలా మిగిలిపోయింది.

లోపల జరిగేది ఇది. డిస్కును ఒక పెద్ద పొలం అనుకోండి. చివర్లో బీడుగా ఉన్న భాగానికి అడ్డంగా గట్టు వేస్తున్నాం. ఆ చివర్లో ఏవైనా ఫైళ్ళ ముక్కలుంటే విండోస్ ముందు వాటిని ఇవతలికి జరుపుతుంది, ఆ తర్వాతే సీ డ్రైవ్ హద్దును వెనక్కి తెస్తుంది. ఏ పొలం హద్దు ఎక్కడిదాకానో గ్రామ పటంలో ఉన్నట్టే, ఏ డ్రైవ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో డిస్కులో ‘పార్టీషన్ టేబుల్’ అనే చిన్న పట్టికలో రాసి ఉంటుంది. చివరికి ఆ పట్టికలో హద్దులు మారతాయి. మీ ఫైళ్ళను ఎవరూ తుడవరు.

మరి పార్టీషన్ చేస్తే అన్నీ పోయాయని అంతమంది ఎందుకు చెబుతారు?

వాళ్ళు చెప్పేది నిజమే. పోయాయి. కానీ చాలాసార్లు డ్రైవ్‌ను కుదించడం వల్ల కాదు, ఆ చుట్టుపక్కల జరిగిన పొరపాట్ల వల్ల. ఒక డ్రైవ్ బదులు ఇంకో డ్రైవ్‌ను ఫార్మాట్ చేయడం, ‘ష్రింక్’ (కుదించడం) ఉన్న మెనూలోనే కనిపించే ‘డిలీట్ వాల్యూమ్’ (డ్రైవ్‌ను తీసేయడం) నొక్కేయడం, పని మధ్యలో కరెంటు పోవడం, అప్పటికే పాడవుతున్న డిస్కు మీద పని మొదలుపెట్టడం. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఉంటుంది.

అయిదోది మా ఇంట్లోనే జరిగింది. మా అక్క కంప్యూటర్‌ను ఒక షాపులో ఇచ్చి ‘సీ, డీ, ఈ చేసి ఇవ్వండి’ అన్నాం. సాయంత్రానికి మూడు డ్రైవ్‌లూ తయారయ్యాయి. మూడూ ఖాళీగా ఉన్నాయి. కుదించడానికి బదులు మొత్తం తుడిచి విండోస్ కొత్తగా ఎక్కించారు. మా మేనల్లుడి బారసాల ఫొటోలు ఆ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. బంధువుల ఫోన్లలో ఉన్న పదీ పన్నెండు ఫొటోలే ఇప్పటికీ మా దగ్గర మిగిలాయి. అందుకే చెబుతున్నాను: షాపులో ఇస్తే ‘పార్టీషన్ చేయండి’ అని ఊరుకోకండి. ‘లోపలున్న ఫైళ్ళు అలాగే ఉండాలి, విండోస్ మళ్ళీ ఎక్కించొద్దు’ అని ఎదురుగా నిలబడి చెప్పండి. వీలైతే ఇంట్లో మీరే చేసుకోండి, పెద్ద కష్టమైన పనేమీ కాదు.

ఏమీ పోవంటున్నారు కదా, బ్యాకప్ తప్పనిసరా?

తప్పనిసరి. ఇందులో బేరం లేదు. ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు తెచ్చి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ ఫోల్డర్లను కాపీ చేయండి. డెస్క్‌టాప్ మీద ఉన్నవి కూడా సీ డ్రైవ్‌లోనే ఉంటాయని చాలామందికి తెలియదు. ట్యాలీ వాడేవాళ్ళు డేటా ఫోల్డర్ ఏ దారిలో ఉందో ట్యాలీలోనే చూసి దాన్ని విడిగా కాపీ చేసుకోండి. డీటీపీ పని చేసేవాళ్ళు పేజ్‌మేకర్ ఫైళ్ళతో పాటు అను ఫాంట్లనూ, వాటి ఇన్‌స్టాలర్‌నూ దాచుకోండి. ఫైలు ఉండి ఫాంటు లేకపోతే శుభలేఖ తెరిచినా అందులో అర్థంకాని గుర్తులే కనిపిస్తాయి.

కాపీ అయిపోయాక బ్యాకప్‌లోంచి ఒక ఫొటో, ఒక వీడియో, ఒక ఎక్సెల్ షీటు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్. పెన్ డ్రైవ్‌లోకి పెద్ద వీడియో ఎక్కకపోతే అది ఎఫ్‌ఏటీ32 అనే పాత పద్ధతిలో ఫార్మాట్ అయి ఉందేమో చూడండి. అందులో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

మొదలుపెట్టే ముందు ఇంకా ఏం చూసుకోవాలి?

డిస్కు ఆరోగ్యం. సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లో ‘టూల్స్’ ట్యాబ్‌కు వెళ్ళి ‘చెక్’ నొక్కండి. తప్పులుంటే ముందు అవి సరిచేయించండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్కు పరిస్థితిని ఒక్క మాటలో చెబుతుంది. ‘గుడ్’ అని ఉంటే ముందుకు వెళ్ళండి. ‘కాషన్’ లేదా ‘బ్యాడ్’ అని ఉంటే పార్టీషన్ మాట మరిచిపోయి, ఉన్న ఫైళ్ళను బయటికి తీసి డిస్కు మార్చే ఆలోచన చేయండి.

లాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే కరెంటు నమ్మకంగా ఉండే వేళ చూసుకోండి. వర్షాకాలం సాయంత్రాలు ఈ పనికి మంచివి కావు.

బిట్‌లాకర్ అంటే ఏమిటి? నా లాప్‌టాప్‌లో ఉందా?

డిస్కులో ఉన్నదంతా తాళం వేసి ఉంచే పద్ధతి. మీరు పెట్టకపోయినా ఉండొచ్చు. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన చాలా లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే అది దానంతట అదే ఆన్ అవుతోంది. సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ అండ్ సెక్యూరిటీ’ కింద ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ అనే పేరుతో ఆన్‌లో ఉందేమో చూడండి.

ఉంటే భయం లేదు. విండోస్ సొంత టూల్‌తో కుదించడానికి అది అడ్డు కాదు. కానీ ఏదైనా తేడా వచ్చి, లాప్‌టాప్ ఆన్ చేయగానే నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది లేకుండా మీ ఫైళ్ళను మీరే తెరవలేరు. బ్యాకప్‌లో ఉన్నవి తప్ప మిగతావన్నీ పోయినట్టే. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్తే ఆ కీ దొరుకుతుంది. ఈ రోజే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. అదే లాప్‌టాప్‌లో నోట్‌ప్యాడ్‌లో రాసుకుంటే ఉపయోగం లేదు.

సీకి ఎంత ఉంచాలి, డీకి ఎంత ఇవ్వాలి?

ముందు ఒక లెక్క. డబ్బా మీద 512 జీబీ అని ఉంటుంది, విండోస్ 476 అని చూపిస్తుంది. ఎవరూ మోసం చేయలేదు. కంపెనీ ఒక జీబీని వంద కోట్ల బైట్లుగా లెక్కిస్తుంది. విండోస్ మాత్రం 1024ను మూడుసార్లు హెచ్చవేసి, దాదాపు 107 కోట్ల 37 లక్షల బైట్లను ఒక జీబీ అంటుంది. అలాగే 1 టీబీ డిస్కు 931 జీబీగా కనిపిస్తుంది.

నా సలహా ఏమిటంటే, 512 జీబీ డిస్కులో సీకి 200 నుంచి 250 జీబీ ఉంచండి. విండోస్ అప్‌డేట్లకు, సాఫ్ట్‌వేర్లకు, వాటి తాత్కాలిక ఫైళ్ళకు చోటు కావాలి. పెద్ద గేములు ఆడేవాళ్ళయితే ఇంకా ఎక్కువ. 256 జీబీ డిస్కు అయితే విడగొట్టకపోవడమే మంచిది. ఉన్న 238 జీబీని రెండు ముక్కలు చేస్తే ఏడాది తిరక్కుండా ఒకటి నిండిపోయి, రెండోదాంట్లో చోటున్నా పనికిరాకుండా పోతుంది. అలాంటివాళ్ళు ఒకే డ్రైవ్‌లో ఫోల్డర్లు పెట్టుకుని, దాచాల్సినవి ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉంచుకోవడం మేలు.

సరే, అసలు పని ఎలా చేయాలి?

స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి ‘డిస్క్ మేనేజ్‌మెంట్’ తెరవండి. కింది భాగంలో ‘డిస్క్ 0’ ఎదురుగా కొన్ని డబ్బాలు వరసగా కనిపిస్తాయి. అన్నిటికంటే పెద్దది, ‘సీ’ అని రాసి ఉన్నది మీ డ్రైవ్. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ష్రింక్ వాల్యూమ్’ నొక్కండి. ఎంత చోటు దొరుకుతుందో విండోస్ కాసేపు లెక్క చూసుకుంటుంది.

తర్వాత వచ్చే చిన్న కిటికీ దగ్గర ఆగండి. ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ‘ఎంటర్ ద అమౌంట్ ఆఫ్ స్పేస్ టు ష్రింక్’ అనే గడిలో ముందే ఒక అంకె ఉంటుంది. అది మీరు తీసుకోగలిగిన గరిష్ఠం. చూడకుండా ‘ష్రింక్’ నొక్కితే, కుదిరినంతా కోసేస్తుంది కాబట్టి సీ డ్రైవ్‌లో ఊపిరాడనంత తక్కువ చోటు మిగలొచ్చు. ఆ అంకె చెరిపి మీ లెక్క రాయండి. ఇంకో సంగతి, అక్కడ రాయాల్సింది సీకి ఎంత ఉండాలో కాదు, సీ నుంచి ఎంత తీసేయాలో. అదీ ఎంబీలలో. 100 జీబీకి 102400, 200 జీబీకి 204800, 250 జీబీకి 256000. ఆ కిటికీ చివరి వరసలో కుదించాక సీ ఎంత ఉంటుందో కూడా చూపిస్తుంది. ఆ అంకె చదివాకే ‘ష్రింక్’ నొక్కండి.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) అయితే నిమిషాల్లో అయిపోతుంది. పాత హార్డ్ డిస్కు అయితే చాలాసేపు ఏమీ కదలనట్టు ఉంటుంది. టెన్షన్ పడి పవర్ బటన్ నొక్కకండి, దాని పని దాన్ని చేసుకోనివ్వండి.

పూర్తయ్యాక సీ పక్కన నల్ల పట్టీతో ‘అన్‌అలొకేటెడ్’ అనే డబ్బా వస్తుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ ఎంచుకోండి. సైజు ఉన్నది ఉన్నట్టు వదిలేయండి. అక్షరం డీ ఖాళీగా లేకపోతే, అంటే డీవీడీ డ్రైవో మరొకటో దాన్ని వాడుతుంటే, ‘ఈ’ అనే అక్షరం ఇవ్వండి. ‘ఫైల్ సిస్టమ్’ దగ్గర ‘ఎన్‌టీఎఫ్‌ఎస్’ ఉండనివ్వండి. పేరు దగ్గర తెలుగులో ‘డేటా’ అని కూడా రాసుకోవచ్చు. ‘పెర్ఫార్మ్ ఎ క్విక్ ఫార్మాట్’ దగ్గర టిక్కు ఉండనివ్వండి.

అక్కడ ఫార్మాట్ అని వస్తోంది. నొక్కొచ్చా?

నల్ల పట్టీ డబ్బాలోంచి వచ్చిన కిటికీలో అయితే నొక్కొచ్చు. అది ఖాళీ చోటును వాడకానికి సిద్ధం చేయడమే, సీ జోలికి వెళ్ళదు. అదే సమయంలో ‘యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్’ అని ఇంకో చిన్న కిటికీ పైకి రావచ్చు. దాన్ని ‘క్యాన్సిల్’ చేసి, మీ కిటికీలోనే పని ముగించండి. ఫార్మాట్ అనే మాట వేరే ఎక్కడ కనిపించినా ఆగి, ఏ అక్షరం గల డ్రైవ్ గురించి అడుగుతోందో, దాని సైజు ఎంతో చదవండి.

సీలో 300 జీబీ ఖాళీ ఉన్నా కొన్ని జీబీలే కుదించగలనంటోంది. ఎందుకు?

చోటు ఖాళీగానే ఉంది కానీ, ఆ ఖాళీలో ఎక్కడో చివర కదలని ఫైలు ఒకటి కూర్చుని ఉంది. పొలం చివర బావి ఉంటే గట్టును దానికి ఇవతల వేయలేం కదా, అలాగే. ఇలా కదలని ఫైళ్ళు ముఖ్యంగా మూడు రకాలు: హైబర్నేషన్ ఫైలు (కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు తెరిచి ఉన్న పనిని దాచేది), పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు వాడేది), సిస్టమ్ రీస్టోర్ కోసం, అంటే విండోస్‌ను పాత స్థితికి తేవడం కోసం దాచిన కాపీలు. వీటిని తాత్కాలికంగా తీసేస్తే దారి దొరుకుతుంది.

హైబర్నేషన్‌కు: స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేసి ‘టెర్మినల్ అడ్మిన్’ (విండోస్ 10లో ‘విండోస్ పవర్‌షెల్ అడ్మిన్’) తెరిచి, ‘పవర్‌సీఎఫ్‌జీ’ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ హెచ్, మళ్ళీ ఖాళీ వదిలి ‘ఆఫ్’ కొట్టి ఎంటర్ నొక్కండి. పవర్ మామూలు స్పెల్లింగే, తర్వాతి మూడు అక్షరాలూ విడివిడిగా సీ, ఎఫ్, జీ, మధ్యలో ఖాళీ ఉండకూడదు. పేజ్‌ఫైల్‌కు: స్టార్ట్‌లో ‘అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్’ అని వెతికి, పెర్ఫార్మెన్స్, అడ్వాన్స్‌డ్, వర్చువల్ మెమరీ దాకా వెళ్ళి ‘నో పేజింగ్ ఫైల్’ పెట్టండి. రీస్టోర్ కాపీలకు: అదే కిటికీలోని ‘సిస్టమ్ ప్రొటెక్షన్’ ఆపి, పాత రీస్టోర్ పాయింట్లు డిలీట్ చేయండి. తర్వాత రీస్టార్ట్ చేసి మళ్ళీ ‘ష్రింక్’ ప్రయత్నించండి. పని అయ్యాక మూడింటినీ తిరిగి ఆన్ చేయడం మరవొద్దు. పేజ్‌ఫైల్ లేకుండా నడిపితే ర్యామ్ తక్కువున్న లాప్‌టాప్‌లో ప్రోగ్రాములు చెప్పాపెట్టకుండా మూతపడతాయి.

అప్పటికీ కుదరకపోతే ‘ఈవెంట్ వ్యూయర్’ తెరిచి, ‘అప్లికేషన్’ లాగ్‌లో 259 నంబరు ఉన్న ఎంట్రీ చూడండి. అడ్డుపడుతున్న చివరి ఫైలు ఏదో పేరుతో సహా అందులో ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే చాలామందికి వేరే సాఫ్ట్‌వేర్ అవసరమే రాదు.

డిస్కులో చిన్న చిన్న పార్టీషన్లు ఉన్నాయి. తీసేస్తే చోటు కలిసొస్తుందా?

ముట్టుకోకండి. కొన్ని వందల ఎంబీల ఈఎఫ్‌ఐ పార్టీషన్ లేకపోతే విండోస్ ఆన్ కాదు. రికవరీ పార్టీషన్ లేకపోతే పాడైన రోజున బాగుచేసుకునే దారి మూసుకుపోతుంది. కలిసొచ్చేది మొత్తం కలిపి ఒకటి రెండు జీబీలు.

ఎన్ని పార్టీషన్లు చేసుకోవచ్చు?

డిస్కులోని పార్టీషన్ టేబుల్ జీపీటీ అనే కొత్త పద్ధతిలో ఉంటే విండోస్‌లో 128 దాకా. పాత ఎంబీఆర్ పద్ధతిలో అయితే ప్రైమరీ పార్టీషన్లు నాలుగే, పైగా 2 టీబీ దాటిన చోటును అది వాడుకోలేదు. మీది ఏదో తెలియాలంటే ‘డిస్క్ 0’ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, వాల్యూమ్స్. ఎంబీఆర్ డిస్కులో నాలుగూ నిండాక ఇంకోటి చేయబోతే ‘డైనమిక్ డిస్క్‌గా మార్చనా’ అని అడుగుతుంది. ‘నో’ అనండి. మార్చాక ఫైళ్ళతో సహా వెనక్కి తేవడానికి విండోస్‌లో తేలిక దారి లేదు. అయినా నా అభిప్రాయంలో ఇంటి వాడకానికి సీ, డీ రెండూ చాలు.

పాత ఫైళ్ళను డీలోకి ఎలా తేవాలి?

డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లను లాగి పడేయకండి. ముందు డీలో అదే పేరుతో ఒక ఫోల్డర్ చేయండి. తర్వాత పాత ఫోల్డర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, ‘లొకేషన్’ ట్యాబ్, ‘మూవ్’ అని ఆ కొత్త ఫోల్డర్‌ను చూపించండి. నేరుగా డీ డ్రైవ్‌నే చూపిస్తే డ్రైవ్ మొత్తం డాక్యుమెంట్స్ ఫోల్డర్ అయిపోయి కొత్త తలనొప్పి మొదలవుతుంది. ప్రోగ్రామ్ ఫైల్స్, విండోస్, యూజర్స్ ఫోల్డర్లను మాత్రం జరపకండి.

విండోస్ పాడైతే డీలో ఉన్నవి భద్రమేనా?

విడగొట్టడం వల్ల వచ్చే అసలు లాభం ఇదే. ‘రీసెట్ దిస్ పీసీ’లో అన్నీ తీసేయమన్నా, విండోస్ ఉన్న డ్రైవ్ వరకే తుడిచే వీలుంది. ‘ఆల్ డ్రైవ్స్’ ఎంచుకోకుండా చూసుకోవాలి. పెన్ డ్రైవ్‌తో కొత్తగా ఎక్కించేటప్పుడు మాత్రం సీ, డీ అనే అక్షరాలు కనిపించవు, ‘పార్టీషన్ 3’, ‘పార్టీషన్ 4’ అని ఉంటుంది. అక్కడ గుర్తుపట్టడానికి సైజు మంచి ఆధారం. అందుకే సీ, డీలను సమానంగా చేయొద్దంటాను. ఒకటి 220, ఇంకోటి 255 ఉంటే తికమక ఉండదు.

అయితే డీలో పెడితే బ్యాకప్ అయినట్టేనా?

కాదు. రెండూ ఒకే డిస్కు మీద ఉన్నాయి. లాప్‌టాప్ కింద పడినా, దొంగ ఎత్తుకుపోయినా, డిస్కు చచ్చిపోయినా రెండూ కలిసే పోతాయి.

సీ నిండిపోయింది. డీ నుంచి కొంత వెనక్కి తెద్దామంటే ‘ఎక్స్‌టెండ్ వాల్యూమ్’ బూడిద రంగులో ఉంది.

సీకి కుడిపక్కన ఆనుకుని ఖాళీ చోటు ఉంటేనే అది పనిచేస్తుంది. డీని కుదిస్తే ఖాళీ డీకి అవతలి వైపు వస్తుంది, అది సీకి అందదు. డీలో ఉన్నదంతా బయటి డిస్కులోకి కాపీ చేసి, తెరిచి సరిచూసుకుని, డీని డిలీట్ చేసి, సీని కావలసినంత పెంచి, మిగిలిన దాంతో డీని మళ్ళీ చేయడం నమ్మకమైన పద్ధతి. జీపార్టెడ్ లాంటి సాఫ్ట్‌వేర్లు డీని అలాగే పక్కకు జరపగలవు. కానీ అప్పుడు డీలోని డేటా మొత్తం చోటు మారాలి. గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే డీ తెరుచుకోకపోవచ్చు. బ్యాకప్ ఎలాగూ కావాలి కాబట్టి నేను మొదటి దారినే ఎంచుకుంటాను.

లినక్స్ కూడా పెట్టుకోవాలనుకుంటున్నాను. ఇదే పద్ధతా?

కుదించేవరకు ఇదే. ఆ తర్వాత ‘న్యూ సింపుల్ వాల్యూమ్’ చేయకుండా నల్ల పట్టీని అలాగే వదిలేయండి, ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఇన్‌స్టాలర్ ఆ చోటును వాడుకుంటుంది. విండోస్‌లో ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆపేయండి. మ్యాక్ వాడేవాళ్ళకు అసలు ఈ అవసరం తక్కువ. మ్యాక్ ఫైల్ సిస్టమ్ అయిన ఏపీఎఫ్‌ఎస్‌లో ‘యాడ్ వాల్యూమ్’ చేస్తే అన్ని వాల్యూమ్‌లూ ఉన్న ఖాళీని పంచుకుంటాయి.

పొరపాటున డ్రైవ్‌ను డిలీట్ చేశాను. ఇప్పుడేం చేయాలి?

చేతులు తీసేయండి. ఆ చోట కొత్త వాల్యూమ్ చేయకండి, ఫార్మాట్ చేయకండి, ఆ డిస్కులోకి ఏ ఫైలూ కాపీ చేయకండి, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకండి. పటంలో హద్దు చెరిగింది కానీ పంట ఇంకా పొలంలోనే ఉండొచ్చు. టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డిస్కును వెతికి పాత హద్దులను గుర్తుపట్టి పట్టికలో తిరిగి రాయగలదు. అది కుదరకపోతే దానితో పాటే వచ్చే ఫొటోరెక్, పేర్లు లేకపోయినా ఫొటోలను, వీడియోలను విడివిడిగా బయటికి లాగుతుంది. వాటిని దాచడానికి ఇంకో డిస్కు సిద్ధంగా పెట్టుకోండి.

ఎస్‌ఎస్‌డీని అప్పటికే ఫార్మాట్ కూడా చేసి ఉంటే ఆశ చాలా తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల ఎస్‌ఎస్‌డీ ఖాళీ అయిన గదులను తానే శుభ్రం చేసుకుంటుంది. కంప్యూటర్‌ను ఆఫ్ చేసి, డేటా రికవరీ మాత్రమే చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. ఏం నొక్కారో, ఎప్పుడు నొక్కారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.